పక్షుల బొమ్మలు, చూసినవారి మాటలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సంక్రాంతి సెలవులకు కుటుంబంతో కలిసి నేలపట్టు పక్షుల కేంద్రానికి, పులికాట్ సరస్సుకు వెళ్లి వచ్చాను. అక్కడ చూసిన గూడబాతులను (పెలికాన్లను), ఫ్లెమింగోలను, పెయింటెడ్ స్టార్క్ అనే కొంగలను ఇంటికి వచ్చాక ఫోనులోని ఫొటోలు చూస్తూ నీటిరంగులతో మూడు బొమ్మలుగా వేశాను. ఇంట్లో అందరూ చాలా బాగున్నాయన్నారు. చిత్రకళ తెలిసిన బంధువు ఒకరు బొమ్మల్లో కదలిక లేదన్నారు. పక్షులను పరిశీలించే అలవాటున్న మా సహోద్యోగి ఎగిరే గూడబాతు మెడ తప్పుగా ఉందన్నారు. నేను ఎవరి మాట పట్టించుకోవాలి? బొమ్మలు జతపరుస్తున్నాను, మీకు తోచినది కూడా మొహమాటం లేకుండా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీ సహోద్యోగి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అది ఎవరైనా సరిచూసుకోగలిగిన మాట. ఆయన చెప్పింది నిజమే. గూడబాతు ఎగిరేటప్పుడు తలను వెనక్కి లాక్కుని భుజాల మధ్య ఆనించుకుంటుంది కాబట్టి, అంత పొడవైన మెడ ఉన్నట్టే తెలియదు, పెద్ద ముక్కు మాత్రం ముందుకు పొడుచుకుని కనిపిస్తుంది. తెల్లకొంగలు, నారాయణపక్షులు కూడా మెడ ముడుచుకునే ఎగురుతాయి. మెడను బారుగా చాచి ఎగిరేవి పెయింటెడ్ స్టార్కులు, ఫ్లెమింగోలు. మీరు అన్నింటికీ చాచిన మెడే వేశారు. దూరాన ఆకాశంలో వెళ్తున్న పక్షి ఏదో పోల్చుకోవడానికి చాలామందికి మొదటి ఆధారం ఈ మెడే గనుక, పక్షులు తెలిసినవారి కన్ను ముందుగా అక్కడే పడుతుంది.

ఆయన చెప్పని మరొకటి కూడా ఉంది. ఫ్లెమింగో కాలి మధ్యలో వెనక్కి వంగే కీలును మీరు మోకాలిగా భావించి, దాని పైభాగాన్ని తొడలాగా లావుగా దిద్దారు. నిజానికి అది మడమ కీలు. మోకాలు ఇంకా పైన, శరీరానికి ఆనుకుని ఈకల చాటున ఉంటుంది. అందుచేత మనకు కనిపించే కాలు పైనుంచి కిందివరకూ సన్నగానే ఉంటుంది. రంగు విషయంలోనూ కొంచెం వెనక్కి తగ్గండి. పులికాట్‌లో మనం ఎక్కువగా చూసే పెద్ద ఫ్లెమింగో ఒళ్లు దాదాపు తెలుపే, అందులో లేత గులాబీ ఛాయ మాత్రమే ఉంటుంది. చిక్కటి గులాబీ రెక్కల మీద ఉంటుంది, రెక్క విప్పినప్పుడు దాని వెంట నల్లటి ఈకలు బయటపడతాయి. ఆ గులాబీ రంగు వాటికి తిండిలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల వస్తుంది కాబట్టి పిల్లపక్షులు బూడిద రంగులోనే ఉంటాయి. గుంపులో అటువంటివి ఒకటి రెండు వేసి ఉంటే బొమ్మ మీరు చూసిన దృశ్యానికి మరింత దగ్గరయ్యేది.

పెయింటెడ్ స్టార్క్ బొమ్మ నాకు నిజంగా నచ్చింది. పసుపుపచ్చని ముక్కు చివర కొద్దిగా కిందికి వంగడాన్ని మీరు గమనించారు. రొమ్ము మీది నల్లపట్టీని కింది రంగు పూర్తిగా ఆరాకే వేశారు, తోక దగ్గరి గులాబీ ఈకలను మాత్రం తడి మీదే వేసి రంగును పాకనిచ్చారు. ఈ బొమ్మలో ఒక్క గీతనూ మార్చవద్దు.

ఇక కదలిక సంగతి. మీ బంధువు లోపాన్ని పసిగట్టారు గానీ కారణం చెప్పలేదు. కెమెరా పట్టేది సెకనులో అతి చిన్న భాగాన్ని. ఆ క్షణానికి ముందు మెడ ఎక్కడుందో, తరువాత ఎటు తిరిగిందో ఫొటోలో ఉండదు. పద్దెనిమిదో శతాబ్దం చివర కలకత్తాలో మేరీ ఇంపే అనే ఆవిడ తన ఆవరణలో పెంచిన పక్షులను షేక్ జైనుద్దీన్, భవానీదాస్, రామ్‌దాస్ అనే పట్నా చిత్రకారుల చేత వేయించారు. వారికి పక్షి ఎదురుగా ఉండేది, కావలసినంత సమయమూ ఉండేది. ఆ వీలు మనకు లేదు కాబట్టి వేగమే మనకు సాధనం. ఈసారి వెళ్లినప్పుడు వాచ్‌టవర్ ఎక్కి, బైనాక్యులర్స్‌తో చూస్తూ, ఒక్కో పక్షికి అర నిమిషానికి మించకుండా గీయండి: ఒంటికి కోడిగుడ్డు ఆకారం, దాని వాలు తెలిపే ఒక గీత, మెడకు ఇంకొక గీత, అంతే. పక్షి కదిలిపోతే పక్కన మరొకటి మొదలుపెట్టండి. పక్షులు అవే భంగిమలకు మళ్లీ మళ్లీ వస్తాయి, మీరు సగంలో ఆపిన బొమ్మకు అప్పుడు తిరిగి వెళ్లవచ్చు. ఫ్లెమింగో తలను తలకిందులుగా నీటిలో పెట్టి మేసే తీరు ఇలా గీస్తేనే చేతికి పట్టుబడుతుంది. బొమ్మ కోసం గూళ్లకు దగ్గరగా మాత్రం ఎప్పుడూ వెళ్లకండి. పెద్దపక్షి బెదిరి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకూ కాకులకూ చిక్కుతాయి.

ఇంట్లోవారి మెప్పును ప్రేమగా మాత్రమే తీసుకుని వదిలేయకండి, ఎందుకంటే మీతోపాటు ఆ పక్షులను చూసినవారు వారే. "బాగుందా?" అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. "మనం ఆ రోజు చూసినదానికీ దీనికీ ఎక్కడ తేడా ఉంది?" అని అడిగి చూడండి. పెన్సిల్ దశలోనే అడగండి, నీటిరంగు వేశాక దిద్దడానికి అట్టే వీలుండదు. ముఖ్యంగా గూడబాతు వంటి లేతరంగు పక్షికి వెలుగంతా కాగితం తెలుపు నుంచే రావాలి. అలా వదలవలసిన చోట ఒకసారి రంగు పడితే ఆ వెలుగు మళ్లీ రాదు. పక్షి గురించి చెప్పిన మాటను పుస్తకంతోనో ఫొటోతోనో సరిచూసుకుని, నిజమైతే వెంటనే ఒప్పుకోండి. బొమ్మ గురించి చెప్పిన మాటకు ఆ తొందర అక్కర్లేదు. బొమ్మను కొన్నాళ్లు పక్కన పెట్టి, తరువాత అద్దంలో తిప్పి చూశాక కూడా ఆ మాట నిజమనిపిస్తేనే తరువాతి బొమ్మలో పాటించండి.

ప్రశ్న: నల్లమలలో ఫర్హాబాద్ సఫారీకి వెళ్లి వచ్చాక మా తొమ్మిదేళ్ల అబ్బాయి చుక్కల దుప్పుల మందను గీసి, అన్నింటికీ కొమ్ములు పెట్టాడు. ఆడవాటికి కొమ్ములు ఉండవని చెప్పి చెరిపించాలా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: చెరిపించకండి, అతని కాగితం మీద మీరు పెన్సిల్ పెట్టనూ వద్దు. సఫారీలో మీరు తీసిన ఫొటోలు ఉంటే అతని ముందు పెట్టి, మందలో కొమ్ములున్నవి ఎన్నో లెక్కపెట్టమనండి. ఆ తేడా అతనికి తానుగా కనిపిస్తే తరువాతి మందను ఎలా గీయాలో అతనే నిర్ణయించుకుంటాడు. మొదటి బొమ్మ వెనుక తేదీ, చోటు రాసి దాచండి.