గుర్రాన్ని చెక్కబోయే మనవరాలికి

చిరంజీవి అమ్మడికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు ఉలులు కొనుక్కున్నావనీ, మొట్టమొదటి బొమ్మగా దౌడు తీస్తున్న గుర్రాన్ని చెక్కబోతున్నావనీ, అందుకోసం ఫోనులో మూడు వందల చిత్రాలు పోగు చేశావనీ మీ అమ్మ నిన్న చెప్పింది. విన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు. నా తరువాత మన ఇంట్లో ఉలి పట్టేవాళ్ళు లేరనుకున్నాను కనుక సంతోషం. గుర్రం అన్నావు కనుక దిగులు. ఫోనులో చెబితే సగం వినకుండానే "సరే తాతయ్యా" అనేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

ఉలికి పదును తగ్గనివ్వకు. మొద్దు ఉలే చేతిని కోస్తుంది. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి అంచుకు వెనకే ఉండాలి. ముడులు లేని మెత్తని చెక్కతో మొదలుపెట్టు. ఇవి ఎవరైనా చెబుతారు. నా గుబులంతా నీ చిత్రాల గురించే.

మూడు వందల చిత్రాలు మూడు వందల గుర్రాలవైతే, నీ దగ్గర ఒక్క గుర్రమూ లేనట్టే. చెక్కే మనిషికి కావలసింది ఒకే జంతువు, ఒకే నిలుపులో, పక్క నుంచీ ముందు నుంచీ వెనక నుంచీ, వీలైతే పైనుంచీ. చూడముచ్చటగా ఉన్న చిత్రం వేరు, పనికొచ్చే చిత్రం వేరు. గడ్డిలో నిలబడిన గుర్రానికి గిట్టలు కనపడవు, జూలు ఎగురుతుంటే మెడ గీత తెలియదు, పొద్దుగూకేవేళ తీసిన చిత్రంలో నల్ల గుర్రం ఒట్టి నీడ. అటువంటివన్నీ తీసేస్తే నీ మూడు వందల్లో పది మిగులుతాయేమో. ఆ పదీ చాలు.

ఇక నా గుర్రం సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. పిట్టలూ కుందేళ్ళూ చెక్కి, చెయ్యి తిరిగిందన్న పొగరుతో ఉన్నాను. ఒక పాత క్యాలెండరులో పక్క నుంచి తీసిన గుర్రం బొమ్మ దొరికింది. ముందువైపు బొమ్మ లేదు. ఎరువు తెచ్చుకున్న కెమెరాతో ఒక గుర్రం ఎదుట, దాని మూతికి మూరెడు దూరంలో నిలబడి ఫోటో తీశాను. నిండు ముఖం, తడిగా మెరిసే కళ్ళు, విచ్చుకున్న ముక్కుపుటాలు. ఆ ఫోటో చూసుకొని మురిసిపోయాను. దాని మీద గళ్ళు గీసి, పెద్దది చేసి, కార్బన్ కాగితంతో దుంగ ముందువైపున దించాను. క్యాలెండరు గుర్రాన్ని పక్కవైపున దించాను. రెండింటికీ చెవి కొన నుంచి గిట్ట దాకా ఎత్తు ఒకటే వచ్చేలా చూసుకొని, ఇంక కొలతలు కుదిరాయనుకున్నాను.

నాలుగు నెలలు చెక్కాను. తల దగ్గర ఏదో తేడాగా ఉందని రెండో నెలలోనే అనిపించింది. నునుపు పట్టాక సర్దుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. చివరికి, నన్ను ఫోటో తీసుకోనిచ్చిన ఆ గుర్రాల కాపరినే గొప్పగా పిలిచి చూపించాను. ఆయన బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. గడ్డిపోచ తుంచి తల పొడవు కొలిచాడు. ఆ పోచను రొమ్ము నుంచి పిరుదు దాకా పేర్చుకుంటూ పోయాడు. రెండుసార్లకే అయిపోయింది. "బాబూ, గుర్రం వేషం కట్టిన గాడిదను చేశారే" అన్నాడు. వెటకారంగా అని ఉంటే కోప్పడేవాణ్ణి. ఆయన నిజంగానే బాధపడుతూ అన్నాడు.

ఏం జరిగిందో ఆ రాత్రి కూర్చొని ఆలోచిస్తే తెలిసింది. కెమెరాకు మూతి మూరెడు దూరంలో ఉంటే పిరుదులు దానికి అయిదారు రెట్లు దూరంలో ఉన్నాయి. దగ్గరది ఉబ్బి, దూరానిది కుంచించుకుపోయి కనపడుతుంది. అందులో కెమెరా తప్పేమీ లేదు, నేను నిలబడిన చోటు తప్పు. అలా ఉబ్బిన తలను నమ్మి, దాని వెడల్పుకు తగినట్టుగా పొడవు కూడా పెంచుకుంటూ పోయాను. గుర్రానికి రొమ్ము నుంచి పిరుదు దాకా పొడవూ, నేల నుంచి మూపు దాకా ఎత్తూ, రెండూ తల పొడవుకు సుమారు రెండున్నర రెట్లు ఉంటాయి. ఆ ఒక్క కొలత ముందే తెలిసి ఉంటే మొదటి రోజే చాక్‌పీసుతో దిద్దుకునేవాణ్ణి.

అప్పటికైనా ఊరుకున్నానా? తలను సన్నం చేద్దామని కూర్చున్నాను. బుగ్గలు తగ్గిస్తే కళ్ళు చెరిగిపోయాయి. కళ్ళు మళ్ళీ లోతుగా తవ్వితే కనుబొమల గట్టు పోయింది. దుంగను పొడవుగా పడుకోబెట్టి చెక్కాను గనుక నార అడ్డంగా ఉంది, చెవులకూ కాళ్ళకూ బలం లేదు. ఎడమ చెవి పుటుక్కున విరిగింది. మరునాడు ముందుకాలు. కొయ్యలో తీయగలమే గాని పెట్టలేము, అమ్మడూ. ఆ రోజు నేను ఏడ్చానని మీ అమ్మమ్మకు మాత్రమే తెలుసు.

అందుకే చెబుతున్నాను, ఫోటో నువ్వే తీసుకుంటే కనీసం పదిహేను అడుగుల వెనక్కి, చోటుంటే ఇంకా దూరం జరిగి, జూమ్ చేసి తీయి. కెమెరా గుర్రం పొట్ట మధ్య ఎత్తులో ఉండాలి. నిలబడి పైనుంచి తీస్తే కాళ్ళు పొట్టివైపోతాయి. వెనకవైపు చిత్రాన్ని మాత్రం కంచె అవతల నుంచే తీసుకో. ఈ మాట మూడుసార్లు చదువు. నాతోపాటు పని నేర్చుకున్నవాడి మోకాలు ఒక్క తన్నుతో పోయింది. ఆ తరువాత వాడు బతికినన్నాళ్ళూ కూర్చొనే చెక్కాడు.

దౌడు బొమ్మే కావాలని పట్టుబడతావని తెలుసు. అయితే మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు తీసిన ఫోటోలు వెతుకు. గుర్రం పరుగును ఆయన 1878లో వరుస కెమెరాలతో పట్టేదాకా, ముందుకాళ్ళు ముందుకూ వెనకకాళ్ళు వెనక్కీ చాచి గుర్రం గాలిలో తేలినట్టే చిత్రకారులు వేసేవారు. నాలుగు గిట్టలూ నేలను వదిలేది కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడని ఆ ఫోటోలే చూపించాయి. 1887లో ఆయన అచ్చువేయించిన 781 ఫోటో పుటల్లో చాలావాటిలో వెనక గళ్ళ గోడ ఉంటుంది; కొన్నింటిలో ఒకే క్షణాన్ని పక్క నుంచీ ముందు నుంచీ వెనక నుంచీ తీశారు. మన పనికి అంతకంటే ఏం కావాలి? వాటికి హక్కుల గొడవ కూడా లేదు.

హక్కులంటే గుర్తొచ్చింది. జెఫ్ కూన్స్ అనే పేరున్న శిల్పి, ఒకరు తీసిన కుక్కపిల్లల ఫోటోను అడగకుండా కొయ్యబొమ్మగా చేయించి అమ్మాడు. 1992లో అమెరికా అప్పీలు కోర్టు అది తప్పేనని తీర్పు చెప్పింది. నేర్చుకోవడానికి ఎన్నయినా చూడు. ఒక్కరి ఫోటోను ఉన్నదున్నట్టు దించాలంటే మాత్రం వాళ్ళను అడుగు.

ఇంకొకరు చెక్కిన బొమ్మను చూసి చెక్కకు. వాళ్ళ పొరపాటు నీ చేతికి అంటుకుంటుంది. డ్యూరర్ అంతటి జర్మన్ చిత్రకారుడు ఖడ్గమృగాన్ని కళ్ళారా చూడకుండా, ఎవరో రాసిన వర్ణనా వేసిన గీతా చూసి 1515లో బొమ్మ వేశాడు, మూపు మీద లేని చిన్న కొమ్మొకటి పెట్టాడు. ఆ కొమ్మును యూరప్‌లో రెండు వందల ఏళ్ళకు పైగా నకలు చేస్తూనే వచ్చారు. ఇప్పుడు కంప్యూటరు కల్పించి ఇచ్చే చిత్రాలు మరీ ప్రమాదం: వెంట్రుక వెంట్రుకా నిజంలా ఉంటుంది, కీలు మాత్రం తప్పు చోట వంగుతుంది. అస్థిపంజరం బొమ్మ ఒకటి దగ్గర పెట్టుకో. గుర్రం ముందుకాలికి మనం మోకాలనుకునేది మన లెక్కన మణికట్టు, వెనక కాలికి వెనక్కి పొడుచుకొచ్చేది మడమ. ఇది తెలిస్తే ఏ చిత్రమూ నిన్ను మోసం చేయలేదు.

పక్క బొమ్మనూ ముందు బొమ్మనూ ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి గిట్ట, మోకాలు, రొమ్ము అడుగు, మూపు, చెవి కొన, వీటన్నింటి మీదుగా అడ్డగీతలు గీయి. ఒక్క గీత కలవకపోయినా రంపం ముట్టుకోకు. కాళ్ళ పొడవునా నార నిలువుగా ఉండేలా దుంగను నిలబెట్టు. దౌడులో కాళ్ళు నాలుగు దిక్కులకూ పోతాయి, ఏదో ఒకటి నారకు అడ్డం పడుతుంది, అందుకే మొదట నిలబడిన గుర్రాన్ని చెయ్యమని బతిమాలుతున్నాను. చెవుల దగ్గర చెక్క ఎక్కువే ఉంచి, వాటిని చిట్టచివర తీయి.

అంతకంటే ముందు జానెడు మట్టిబొమ్మ చెయ్యి. మట్టిలో తప్పు చేస్తే బొటనవేలితో దిద్దుకోవచ్చు. మూడు వైపుల నుంచీ ఫోటోలు తీసి, దూరం జరిగి తీసి, నాకు పంపు.

ఈ ఉత్తరంతో వస్తున్న పెట్టెలో పాతగుడ్డలు చుట్టి ఉన్నది ఆ గాడిద గుర్రమే. ఇన్నేళ్ళూ గోడవైపు తిప్పి ఉంచాను. నీ బల్ల మీద నీవైపు తిప్పి పెట్టుకో; చెవికి జిగురు పెట్టిన చోట పట్టుకొని ఎత్తకు, మళ్ళీ ఊడుతుంది.

నీ తాతయ్య