నాన్న సంతకం లేకుండా పాస్‌పోర్ట్ వస్తుందా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయన తిరుమల, కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పులకు టాక్సీ నడుపుతారు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. పాపకు పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. మూడేళ్లుగా ఒక అకాడమీలో ఫుట్‌బాల్ ఆడుతోంది. రోజూ పొద్దున అయిదున్నరకు యూనివర్సిటీ గ్రౌండ్‌లో దించేది కూడా మా ఆయనే. వచ్చే జులైలో స్వీడన్‌లో జరిగే గోథియా కప్‌కు అమ్మాయిల జట్టును తీసుకెళ్తున్నామని, మా పాప సెలక్ట్ అయిందని కోచ్ చెప్పారు. పన్నెండు రోజులు. మనిషికి రెండు లక్షల డెబ్బై వేలు. మా ఆయన ససేమిరా అంటున్నారు. "కొండమీద తప్పిపోయిన పిల్లోళ్లను ఎంతమందిని చూడలేదు నేను! నా బిడ్డను దేశంగాని దేశానికి పంపను. అయినా దుడ్లు కట్టించుకుని పిల్చుకపోయేది సెలక్షన్ ఎట్లవుతుంది?" అంటారు. మా అత్తగారు "పదో తరగతిలో ఆడపిల్లకు బంతాటేంది" అని మొదలుపెడతారు. పాప సరిగా తినడం లేదు. నేను గాజులు కుదవ పెట్టి డబ్బు కట్టేద్దామనుకుంటున్నాను. ఆయన సంతకం లేకుండా పాస్‌పోర్ట్ తీసుకోవచ్చా?
- ఒక తల్లి

జవాబు: ముందు మీరు అడిగినదే చెప్తానమ్మా. మైనర్ పాస్‌పోర్ట్‌కు తల్లిదండ్రులిద్దరూ సంతకం పెట్టే అనెగ్జర్-డి అనే ఫారం ఉంది. ఒకరు సమ్మతించకపోతే రెండోవారు కారణం రాసిచ్చే అనెగ్జర్-సి కూడా ఉంది. అంటే కాగితం మీద దారి ఉంది. కానీ అది విడిగా ఉంటున్నవాళ్లకు, ఒంటిచేత్తో బిడ్డను పెంచుకునేవాళ్లకు పనికొచ్చే దారి. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తినే మీకు కాదు. పైగా పాస్‌పోర్ట్‌తో అయిపోదు. వీసా దగ్గర మళ్లీ ఇద్దరి సమ్మతి అడుగుతారు. అంటే రెండుసార్లు దాచాలి. గాజుల సంగతి మూడోది. ఇవన్నీ బయటపడిన రోజు మాటలు పడేది మీరొక్కరే కాదు. "నీ బంతాట కోసమే గదా మీ అమ్మ అంత పని చేసింది" అనే మాట ఆ పిల్ల పెళ్లయ్యేదాకా వింటుంది. వద్దు.

మీ ఉత్తరంలో మీ ఆయన మొండిమనిషిలా కనిపిస్తారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. ఆట వద్దనే మనిషి మూడేళ్లుగా తెల్లారకముందే లేచి బండి తీయడు. రోజూ కొండకు యాత్రికులను తీసుకెళ్లే మనిషి ఆయన. గుంపులో చెయ్యి వదిలేసిన పిల్లల కోసం మైకులో పేరు, ఊరు చెప్పించుకుంటూ ఏడ్చే తల్లుల్ని చూసినవాడు. ఆయనది అనుమానం కాదు, కళ్లారా చూసిన భయం. ఆ భయానికి "మీకెప్పుడూ ఇంతే" అన్నది జవాబు కాదు. బిడ్డ తప్పిపోతే ఎవరు ఏం చేస్తారో తెలియాలి. అది మీకూ ఇంకా తెలియదు. ఎందుకంటే మీరు అకాడమీని అడగలేదు.

ఇంకో చేదు మాట. సెలక్షన్ గురించి ఆయన అన్నది సగం నిజం. గోథియా కప్ 1975 నుంచి గోథెన్‌బర్గ్ నగరంలో జరుగుతున్న పిల్లల ఫుట్‌బాల్ టోర్నీ. జులై వచ్చిందంటే ప్రపంచం నలుమూలల నుంచి వెయ్యికి పైగా జట్లు అక్కడికి చేరతాయి. కానీ అది క్లబ్బులు, అకాడమీలు ఫీజు కట్టి పేరు నమోదు చేసుకుని వెళ్లే పోటీ. మీ అకాడమీలో ఉన్న పిల్లల్లోంచి పాపను ఎంచుకుని ఉంటారు, అందులో అబద్ధమేమీ లేదు. అయితే అది ఇండియా జట్టు సెలక్షన్ కాదు. "ఈ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటా సీటు ఖాయం" అని ఎవరైనా అంటే ఆ రూలు ఉన్న కాగితం చూపించమనండి. ఇంతమాత్రాన వెళ్లడం దండగ అని కాదు. పద్నాలుగేళ్ల పిల్ల పది దేశాల పిల్లల మధ్య పచ్చగడ్డి మైదానంలో ఆడి రావడం చిన్న విషయమేమీ కాదు. దాన్ని చదువులాంటి ఒక ఖర్చుగా చూడండి, బహుమతిగా కాదు. ఈ మాట మీరే మీ ఆయనతో ఒప్పుకుంటే సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

ఇక అకాడమీకి మీరిద్దరూ కలిసి వెళ్లండి. ఆయన్ని ట్రిప్పు లేని రోజు చూసుకోమనండి. మొదటి ప్రశ్న ఆడమనిషి గురించి. జట్టుతో పాటు బయలుదేరి, పన్నెండు రోజులూ పిల్లలున్న చోటే పడుకునే ఆడమనిషి ఉన్నారా? పేరు, ఫోను నంబరు ఇస్తారా? ఇక్కడ నేను బేరమాడను. అమ్మాయిల జట్టుకు తోడుగా ఒక్క ఆడమనిషి కూడా లేకపోతే, డబ్బు ఎదురిచ్చినా పంపకండి. ఆ టోర్నీకి వచ్చే జట్లకు ఎక్కువగా అక్కడి బడుల్లోనే బస. తరగతి గదుల్లో పరుపులు వేసుకుని పడుకుంటారు. కాబట్టి గదిలో ఎవరెవరు ఉంటారు, స్నానాలు ఎక్కడ అన్నది సిగ్గుపడకుండా అడగాల్సిన విషయం. కోచ్‌లు పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, ఏదున్నా గ్రూపులోనే అనే కట్టుబాటు ఉందా అని కూడా అడగండి. మంచి కోచ్ ఈ ప్రశ్నకు చిరాకుపడడు.

తర్వాత డబ్బు. రెండు లక్షల డెబ్బై వేలల్లో విమానం ఎంత, టోర్నీ ఫీజు ఎంత, బస ఎంత అని విడివిడిగా రాసివ్వమనండి. వీసా రాకపోతే ఎంత తిరిగొస్తుంది? స్వీడన్‌కు కావలసింది షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా. పన్నెండేళ్లు దాటినవాళ్లకు దాని ఫీజు 90 యూరోలు, వీసా ఇవ్వకపోయినా అది వెనక్కి రాదు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది గానీ ఒక్కోసారి 45 రోజులు కూడా పట్టొచ్చు. పాప వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి వీసా సెంటర్‌కు స్వయంగా వెళ్లాలి. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం మాత్రం తిరుపతిలోనే ఉంది, మైనర్‌కు ఫీజు వెయ్యి రూపాయలు. ఈ ప్రయాణం లేకపోయినా తీసి పెట్టుకోవచ్చు. "పాస్‌పోర్ట్ తీస్తే పంపుతానని ఒప్పుకున్నట్టు కాదు" అని మీ ఆయనకు మీరే చెప్పండి, ఆ సంతకం తేలికవుతుంది.

గాజులు కుదవ పెట్టాలా వద్దా అనేది మీ ఇద్దరి లెక్క. పెట్టినా ఆయనకు తెలిసే పెట్టండి. నెలనెలా వడ్డీ కట్టగలిగితేనే ఆ మాట ఎత్తండి. లేకపోతే ఈ ఏడాది వద్దు. టోర్నీ ఏటా జరుగుతుంది, పాప ఆట ఎక్కడికీ పోదు.

పదో తరగతి గురించి అత్తగారితో వాదన పెట్టుకోకండి. పరీక్షలు మార్చిలో, ప్రయాణం జులైలో. హెడ్మాస్టర్‌ని కలిసి సెలవుకు లెటర్ తీసుకోండి, వీసా కాగితాల్లోనూ అది కావాలి. ఆ లెటర్ ఇంట్లో టేబుల్ మీద పెడితే చాలు.

ఇప్పుడు పాప సంగతి. మీ ఉత్తరంలో అందరూ మాట్లాడారు. మీరు, ఆయన, అత్తగారు, కోచ్. పాప మాట ఒక్కటీ లేదు. "సరిగా తినడం లేదు" అన్నారు, అంతే. అది వెళ్లలేకపోతున్నాననే బాధా, వెళ్లాలంటే భయమా, లేక తన వల్ల ఇంట్లో గొడవ జరుగుతోందన్న దిగులా? మూడూ కావచ్చు. ఈ వయసు పిల్లలు స్నేహితుల ముందు "నాకు భయంగా ఉంది" అనలేక "నాకు పోవాలనే ఉంది" అంటారు. ఒక్క పూట బ్లౌజులు పక్కన పెట్టి అడగండి. "పోతావా" అని కాదు, "అక్కడ ఏది ఇబ్బందిగా ఉంటుందనుకుంటున్నావు" అని.

వెళ్లడం ఖాయమైతే ఇప్పటి నుంచే చిన్న చిన్న పనులు తన చేతికి ఇవ్వండి. తన బట్టలు తను ఉతుక్కోవడం, వారానికి కొంత డబ్బు ఇచ్చి లెక్క రాయించడం. బ్యాగు మాత్రం మీరు సర్దకండి. మా చిన్నవాడు తొమ్మిదో తరగతిలో జట్టుతో వేరే రాష్ట్రం వెళ్లినప్పుడు బ్యాగంతా నేనే సర్దాను. వాడు నాలుగు రోజులూ ఒకే సాక్సుల జతతో ఆడి వచ్చాడు. అడుగున ఆరు జతలు మడత విప్పకుండా ఉన్నాయి, అమ్మ ఎక్కడ పెట్టిందో తెలియక. ఆ వాసన గురించి రాయను.

నెలసరి ఆ పన్నెండు రోజుల్లోనే రావచ్చు. ప్యాడ్లు ఎన్ని కావాలో తనే లెక్కేసుకోవాలి. నొప్పికి మాత్ర వేసుకునే అలవాటుంటే డాక్టర్ చీటీతో పాటు పెట్టుకోవాలి. ఆ వెంట వచ్చే ఆడమనిషితో ముందే ఒకసారి మాట్లాడించండి, అక్కడికి పోయాక కొత్తమనిషికి చెప్పుకోవడం కష్టం. ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేస్తే, అది తెలిసినవాళ్లే అయినా, గట్టిగా వద్దనాలి. వెంటనే ఇంటికి ఫోన్ చేయాలి. "నువ్వు ఫోన్ చేస్తే నిన్ను తిట్టం" అనే మాట వాళ్ల నాన్న నోటి నుంచి వస్తే దాని బలమే వేరు.

తప్పిపోతే ఏం చేయాలన్నది ఆయనకు వదిలేయండి, ఆ విషయం మనందరికంటే ఆయనకు బాగా తెలుసు. ఉన్నచోటే నిలబడాలి, బస చిరునామా కాగితం మీద రాసి జేబులో ఉండాలి, యూనిఫాంలో ఉన్నవాళ్లను అడగాలి. అక్కడ అత్యవసర నంబరు 112, మన దగ్గరా అదే. పొద్దున గ్రౌండ్‌కు వెళ్లే దారిలో ఇద్దరే ఉంటారు కదా, ఆ పది నిమిషాలు చాలు.

ఫోన్ సంగతి ముందే మాట్లాడుకోండి. జులైలో వాళ్లు మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటారు. అక్కడ సాయంత్రం అయిదు అంటే మనకు ఎనిమిదిన్నర. రోజుకు ఒక్క ఫోన్, ఆ వేళకే. పూటపూటా ఫోన్ చేస్తే పిల్ల అక్కడ ఉన్నా ఇక్కడే ఉన్నట్టు. రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది, నిద్ర పట్టక మొదటి రెండు రోజులు ఏడుపు గొంతు వినిపించవచ్చు. కంగారుపడకండి, కళ్లకు కట్టుకునే పట్టీ ఒకటి ఇవ్వండి. ఎండాకాలమే అయినా అక్కడ మనకు చలే, వానా పడుతుంది. తిండికి కందిపొడి, ఊరగాయ పెద్ద బ్యాగులో పెట్టుకోవచ్చు. నెయ్యి డబ్బా మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లడానికి యూరప్‌లో ఒప్పుకోరు.

ఇదంతా అయ్యాక కూడా ఆయన వద్దనే అంటే? అనవచ్చు. ఆడమనిషి తోడు లేదనో, డబ్బు లెక్క నచ్చలేదనో, అప్పుకు మనసొప్పలేదనో. ఇన్నాళ్లూ ఆయన మాట పాపకు, పాప అలక ఆయనకు చేరవేసింది మీరే. అలసిపోయారు, ఉత్తరంలోనే తెలుస్తోంది. ఇక ఆ పని మానేయండి. వద్దు అనేది ఆయన నిర్ణయమైతే, ఎందుకో చెప్పి ఆ మాట పాపతో ఆయనే చెప్పాలి. ఏడిస్తే ఆయన ఎదుటే ఏడుస్తుంది. మీరు పక్క గదిలో కుట్టు మిషన్ దగ్గర కూర్చోండి.