ఎండాకాలంలో వీణ సాధన: పిల్లకి విసుగొస్తే నేనేం చేస్తానంటే

నమస్తే అండి. పాపకి పన్నెండేళ్లు, మోహన రాగంలో వర్ణం (గీతాల తర్వాత, కీర్తనలకి ముందు నేర్చుకునే రచన) దాకా వచ్చింది, టీచర్ గారు జూన్ దాకా ఊళ్లో ఉండరు, వాయించిందే వాయించి విసుగొచ్చి నాలుగు రోజులుగా వీణ ముట్టుకోవడం లేదని రాశారు. ఆ వయసులో నాకూ ఇలాగే అయింది. నేను పెరిగింది విజయవాడలో, అక్కడి మే నెల ఎండల గురించి చెప్పక్కర్లేదు.

ముందు టైం మార్చండి. సెలవులే కదా అని మా ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి కూర్చోబెట్టేవారు. చెమటకి వేళ్లు తీగ మీద జారేవి, ఫ్యాన్ హోరులో శ్రుతి సరిగ్గా వినపడేది కాదు. తెల్లవారుజామున అరగంట వాయించడం మొదలుపెట్టాక గానీ ప్రాణం కుదుటపడలేదు. సాధన అయ్యాక తీగలు పొడిబట్టతో తుడవమనండి. వీణని ఎండ తగిలే గోడ పక్కన మాత్రం పెట్టకండి. మెట్లు (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) కూర్చేది మైనంలో కాబట్టి వేడికి మెత్తబడి కదిలిపోతాయి. ఒక ఏడాది మా వీణకి అలాగే అయి, ఏ స్వరం మీటినా అపస్వరమే పలికేది. తప్పు నా వేళ్లదే అనుకుని వారం రోజులు ఏడ్చాను.

ఇక అసలు విషయం. వర్ణాన్ని కొన్నాళ్లు వారానికి రెండు రోజులే వాయించమనండి. మిగతా రోజులకి ఒక కొత్త రాగం ఇవ్వండి, నెలంతా అదొక్కటే. టీచర్ గారికి ఫోన్ చేసి అడిగి మొదలుపెట్టండి. నాకైతే అమృతవర్షిణి ఇచ్చారు. తమిళనాడులోని ఎట్టయపురంలో వాగ్గేయకారులు ముత్తుస్వామి దీక్షితులవారు ఆ రాగం పాడితే వాన కురిసిందని చెప్పుకునే కథ విని, రోజూ వాయించి ఆకాశం వైపు చూసేదాన్ని! కథ సంగతి పక్కన పెట్టినా, మోహనం వచ్చిన పిల్లకి ఇది చాలా మంచి రాగం. రెండింటిలోనూ ఐదేసి స్వరాలే. స, గ, ప రెండింటికీ ఉమ్మడి. మోహనంలోని రి, ద ఇందులో ఉండవు. అందులో లేని మ, ని ఇందులో వస్తాయి, ఆ మ ప్రతిమధ్యమం, అంటే రెండు రకాల మ లో కాస్త పైది. రి మీదకి అలవాటుగా వెళ్లే వేలు ఆగి ఆలోచించాల్సి వస్తుంది. ఆ ఆలోచన మొదలైతే విసుగు ఉండదు.

స్కూలు నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు కుట్టి నాకొక పుస్తకం చేసిచ్చారు. అందులో రోజుకి ఒక్క ఆవర్తనం (తాళం ఒక చుట్టు), ఆది తాళంలో ఎనిమిది స్వరాలు, నా సొంతంగా రాసి వాయించాలి. చాలావరకు బాగుండేవి కావు, ఎవరూ దిద్దేవారూ కాదు. మీరూ దిద్దకండి. నెల తిరిగేసరికి నాలుగైదు ఆవర్తనాలు నాకే ముద్దొచ్చాయి, అవి ఇప్పటికీ గుర్తున్నాయి.

వింటూ ఉండటం కూడా సాధనే. ఒకే రాగాన్ని ఈమని శంకరశాస్త్రిగారి వీణ మీద, ఆయన శిష్యులు చిట్టిబాబుగారి వీణ మీద వినిపించండి. గురువు దగ్గర నేర్చుకున్న చేయి ఎంత వేరుగా పలుకుతుందో తనే కనిపెడుతుంది.

అమ్మమ్మగారింటికి పంపాలంటే భయపడకండి. నేను రాజమండ్రి వెళ్తే వీణ బస్సులో పట్టేది కాదు. రాత్రి డాబా మీద పక్కలు వేశాక అమ్మమ్మ తాళం వేస్తుంటే వర్ణం స్వరాలు నోటితో పాడేదాన్ని. పది రోజుల తర్వాత తిరిగొస్తే వేళ్లు మొరాయించిన మాట నిజమే, కానీ అంతకుముందు ఎప్పుడూ తడబడే చిట్టస్వరం (వర్ణంలో స్వరాలుగానే సాగే భాగం) ఆగకుండా వచ్చేసింది.

ఇంకొక్కటి. వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి, సెలవుల్లోనే పడుతుంది. ఆ సాయంత్రం ఇరుగుపొరుగుని పిలిచి, పాప చేత ఒక కీర్తన వాయించనివ్వండి. ఏ కీర్తనో తననే ఎంచుకోమనండి.