చీరల మీద పడినవి ఏ నీళ్లు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాన్న పెట్టిన బట్టల అంగడిని ఆయన పోయాక నేనూ తమ్ముడూ నడుపుతున్నాం. మైదుకూరులో ఇంకో అంగడి కూడా తెరిచాం. రెండు చోట్లా కలిపి 14 మంది పనిచేస్తున్నారు, 14 కుటుంబాలు మా మీదే ఆధారపడ్డాయి. కడపలోని ఒక డీలర్ 2023 మార్చి 20న మా ప్రొద్దుటూరు అంగడిలో నీళ్లతో చల్లబడే ఏసీ యూనిట్లు ఆరు బిగించాడు. నాలుగు సీలింగుకు, రెండు గోడకు. మేడ మీద కూలింగ్ టవర్. మొత్తం 11 లక్షలు, అందులో 1,10,000 ఇంకా ఇవ్వలేదు. ఆ మే నెల నుంచే మధ్యాహ్నాలు ట్రిప్ అవుతున్నాయి. వారంటీ అయిపోయాక 2024 ఏప్రిల్ 1 నుంచి అతని దగ్గరే ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) తీసుకున్నాం. 2024 మే 10, అక్షయ తృతీయ రోజు, జనం కిక్కిరిసి ఉండగా పట్టుచీరల కౌంటర్ మీది యూనిట్ నుంచి నీళ్లు కారి ఫాల్స్ సీలింగ్ ఊడిపడింది. 2,80,000 రూపాయల చీరలు పాడయ్యాయి. అన్నిటి మీదా టీ ఒలికినట్టు మరకలు. ఆషాఢం సేల్‌లో వాటిని 90,000కు వదిలించుకున్నాం, రెండు మిగిలాయి. సీలింగుకు 70,000 అయింది. అమ్మ ఆ రోజు నుంచి అంగడి గడప తొక్కలేదు. డీలర్ వస్తాం, చూస్తాం అని తిప్పి తిప్పి, జూన్ 14న 'మీ బోరు నీళ్ల వల్ల కండెన్సర్లకు సున్నం పట్టింది, మాకు సంబంధం లేదు' అని మెయిల్ పెట్టాడు. కన్స్యూమర్ కోర్టులో వేసి, యూనిట్లు వెనక్కిచ్చి 11 లక్షలు, మానసిక క్షోభకు 5 లక్షలు రాబట్టుకోవచ్చా? బోరు నీళ్లలో సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్‌ను మేం నెలనెలా చూసుకున్నట్టు పాత తేదీలతో స్లిప్పులు రాసిస్తానని తెలిసిన మెకానిక్ అంటున్నాడు. తీసుకోమంటారా?
ఒక పాఠకుడు, 2025 ఆగస్టు

జవాబు: మీరు పంపిన కాగితాలన్నీ చూశాను. అమ్మగారి గురించి రాసిందీ చదివాను. కేసు మాత్రం అక్కడ లేదు. 'టీ ఒలికినట్టు మరకలు' అన్నారే, అక్కడుంది.

నీళ్లతో చల్లబడే యూనిట్‌లో రెండు రకాల నీళ్లుంటాయి. మేడ మీది టవర్ నుంచి కండెన్సర్‌లోకి వచ్చి, వేడిని మోసుకుని తిరిగి పైకి వెళ్లేవి ఒక రకం. అవి మీ బోరు నీళ్లు. గదిలోని గాలి చల్లటి కాయిల్‌కు తగిలినప్పుడు, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టు పట్టే చెమ్మ రెండో రకం. అది కింది ట్రేలోకి జారి, డ్రెయిన్ పైపు గుండా బయటికి పోవాలి. దాంట్లో ఉప్పూ ఉండదు, సున్నమూ ఉండదు. కాయిల్ మీది దుమ్ము మాత్రం కలిసి వస్తుంది. జనం కిక్కిరిస్తే వాళ్ల ఊపిరికీ చెమటకీ ఆ నీళ్లు ఇంకా ఎక్కువ వస్తాయి. బోరు నీళ్లే పడి ఆరి ఉంటే మరక అంచున తెల్లగా సున్నపు గీత మిగలాలి. మీరు పంపిన ఫొటోలో తెలుపు లేదు, గోధుమరంగు వలయం ఉంది. ఫొటో ఒక్కటే రుజువు కాదు గానీ, పడినవి ట్రే నీళ్లేనని వాదించడానికి అది మంచి మొదలు.

ఇప్పుడు డీలర్ మెయిల్ మళ్లీ చదవండి. యూనిట్లు ఎందుకు ట్రిప్ అవుతున్నాయో చెప్పాడు. చీరల మీద నీళ్లు ఎందుకు పడ్డాయో ఒక్క ముక్క చెప్పలేదు. మీరూ అడగలేదు. రెండు కష్టాలనూ ఒకే మూటలో కట్టి అతని చేతికిచ్చారు, అతను సున్నం అనే ఒక్క మాటతో రెండింటికీ సమాధానం చెప్పినట్టు తప్పించుకున్నాడు. కండెన్సర్‌కు సున్నం పడితే యంత్రం ఆగిపోతుంది. ట్రే పొంగదు. ట్రే పొంగిందంటే పైపులో మురికి అడ్డుపడి ఉండాలి, లేదా పైపుకు వాటం సరిగా పెట్టి ఉండరు. మొదటిది ఏఎంసీ చేసినవాడి పని, రెండోది బిగించినవాడి పని. మీ విషయంలో ఆ ఇద్దరూ ఒకరే.

ఇక్కడే మీ దగ్గర ఒక మంచి కాగితం ఉంది, దాని విలువ మీకు తెలిసినట్టు లేదు. 2024 ఏప్రిల్ 22న డీలర్ మనిషి సర్వీసు చేసి ఇచ్చిన జాబ్ కార్డు. అందులో 'డ్రెయిన్ ట్రే శుభ్రం' అన్న గడిలో టిక్కు ఉంది, కింద మీ సేల్స్ కుర్రాడి సంతకం. నిజంగా శుభ్రం చేసి ఉంటే 18 రోజులకే ట్రే పొంగడానికి పైపు వాటం తప్ప వేరే కారణం చెప్పడం అతనికి కష్టం. శుభ్రం చేయకుండా టిక్కు పెట్టి ఉంటే ఏఎంసీ ఒప్పందం ఆ రోజే ఉల్లంఘించాడు. ఎటు తిరిగినా జవాబు అతనే చెప్పుకోవాలి. దీనికి తోడు మే 12న వాళ్ల సూపర్‌వైజర్ పెట్టిన వాట్సాప్: 'పైపు వాటం సరిచేయిస్తాం, నష్టం గురించి సార్‌తో మాట్లాడండి.'

అంత మంచి మెసేజ్‌కు మీ దగ్గర ఉన్నది స్క్రీన్‌షాట్ ప్రింటు! ఫోన్ మార్చేశానని, పాతది తమ్ముడు వాడుతున్నాడని తాపీగా రాశారు. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు మారలేదని చూపే గుర్తు, అంటే హ్యాష్ విలువ రాయాలి. మెసేజ్ వచ్చిన ఫోనే లేకపోతే దేనికని సర్టిఫికెట్ ఇస్తారు?

చీరలు అమ్మేయడం గురించి కూడా ఒక మాట అనక తప్పదు. నష్టం తగ్గించుకోవడం తప్పు కాదు, చట్టం కోరేదీ అదే. కానీ అమ్మేముందు ఒక్కో చీరకు ఫొటో, స్టాకు నంబరు, కొన్న బిల్లు పక్కన పెట్టుకుని జాబితా రాసి, డీలర్‌కు పంపి ఉండాల్సింది. అది చేయలేదు. ఇక 2,80,000 అడగడం కుదరదు. 90,000 వచ్చింది కాబట్టి చీరల నష్టం 1,90,000, సీలింగుతో కలిపి 2,60,000. ఆషాఢం సేల్ బిల్లులు, స్టాకు రిజిస్టరు వెతికి పెట్టండి. ఆ అంకెను నిలబెట్టేవి అవే.

ఇక ట్రిప్ అవుతున్న సంగతి. కొటేషన్ నాలుగో పేజీలో తొమ్మిదో షరతు: 'కండెన్సర్ నీటి నాణ్యత కొనుగోలుదారు బాధ్యత.' కింద మీ సంతకం. చదవలేదన్నారు. మీ అంగడికి వచ్చే ఆడవాళ్లు జరీని గోటితో గీకి చూడందే చీర కొనరు, మీరు 11 లక్షల కాగితానికి నాలుగో పేజీ దాకా తిప్పలేదు. ఇందులో మీకు మిగిలిన వాదన ఒకటుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ఏ అవసరానికో చెప్పి అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడి కొన్నప్పుడు వస్తువు ఆ అవసరానికి పనికిరావాలి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు వెలిశాయో కడప జిల్లాలో వ్యాపారం చేసేవాడికి తెలియకుండా ఉండదు. నేల కింద సున్నపురాయి ఉన్న సీమలో బోరు నీళ్ల కాఠిన్యం పరీక్షించకుండా, నీళ్లతో నడిచే యంత్రం ఎలా అమ్మావని అడగొచ్చు. తాగే నీళ్లకే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన కాఠిన్యం హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకనప్పుడు 600. మీ బోరు నీళ్ల రిపోర్టు ఇప్పటిదాకా ఇద్దరి దగ్గరా లేదు. అయినా సంతకం పెట్టిన షరతు ఎదురుగా ఉంది కాబట్టి ఈ వాదన సగం బలమే. యూనిట్లు వెనక్కివ్వడం మాత్రం మరిచిపోండి. రెండేళ్లకు పైగా వాడుకున్న సరుకును చట్టం మీరు అంగీకరించినట్టే లెక్కిస్తుంది. ఆ తర్వాత మిగిలేది నష్టపరిహారం అడిగే హక్కే.

కన్స్యూమర్ కమిషన్ వద్దంటాను. ఫీజు తక్కువ, వకీలు లేకుండానే వేయొచ్చు, అందరూ అందుకే ఆ మాట చెబుతారు. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(7) సెక్షన్ వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లను వినియోగదారు కాదంటుంది. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవాళ్లకు మినహాయింపు ఉంది. మీరు జాలి కోసం రాసిన '14 మంది, రెండు అంగళ్లు' అన్న వాక్యమే ఆ మినహాయింపును చెరిపేస్తుంది. వాణిజ్య అవసరమని రుజువు చేయాల్సింది అవతలివాడేనని సుప్రీంకోర్టు 2024లో చెప్పిన మాట నిజమే. అతనికి ఆ శ్రమ లేకుండా మీ జీఎస్టీ రిటర్నులే చేసిపెడతాయి. ఏసీలు అమ్మకానికి కొన్నవి కావు, లాభానికి నేరుగా ముడిపడలేదు అని వాదించే వకీళ్లు దొరుకుతారు, వాళ్ల చేతిలో తీర్పులూ ఉంటాయి. ఆ వాదన మీద నేనైతే రెండేళ్లు పందెం కాయను. పొరపాటు కోర్టులో పోయిన కాలాన్ని మినహాయించమని 1963 లిమిటేషన్ చట్టం 14వ సెక్షన్ కింద అడగొచ్చు, అది సద్బుద్ధితో, శ్రద్ధగా తిరిగినవాళ్లకే. ఈ జవాబు చదివాక కూడా అక్కడికే వెళితే శ్రద్ధ అనే మాట ఎలా చెబుతారు?

కాబట్టి సివిల్ దావా. గడువు మూడేళ్లు, ఎక్కడి నుంచి అన్నదే పేచీ. చీరల నష్టానికి 2024 మే 10 నుంచి లెక్క కాబట్టి 2027 మే దాకా ఊపిరి ఉంది. ట్రిప్ సంగతి అలా కాదు. బిగించిన రోజే ఒప్పందం ఉల్లంఘన జరిగింది, అప్పటి నుంచే లెక్క అని డీలర్ అంటాడు. అప్పుడు 2026 మార్చి 20 తో సరి. 'వస్తాం, చూస్తాం' అన్న ఫోన్లు, మీరు పెట్టిన మెయిళ్లు గడువును ఒక్క రోజు కూడా పెంచవు. అందుకే తొలి తేదీనే పట్టుకుని, అంతా ఒకే దావాలో, ఈ ఏడాది చివరిలోపే వేయండి. ఒకే లావాదేవీలోంచి పుట్టినదాన్ని సగం ఇప్పుడు, సగం తర్వాత అడుగుతానంటే కోర్టు ఒప్పుకోదు.

మానసిక క్షోభకు 5 లక్షలు కొట్టేయండి. వ్యాపార ఒప్పందం దావాలో అది వచ్చే డబ్బు కాదు, దాని మీద కూడా కోర్టు ఫీజు మాత్రం మీరే కట్టాలి.

ఇక మెకానిక్ స్లిప్పులు. వాటిని ముట్టుకోవద్దు. న్యాయస్థానంలో వాడటానికి దొంగ సాక్ష్యం తయారుచేస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఆ స్లిప్పులు పట్టుబడటం ఎంత తేలికో చెబుతున్నాను. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న: సాఫ్ట్‌నర్‌కు రెండేళ్లలో ఎన్ని బస్తాల ఉప్పు కొన్నారు, బిల్లులేవి? రెండోది అడగనక్కర్లేదు, కండెన్సర్ విప్పితే ట్యూబులో పేరుకున్న సున్నమే చెబుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మీరు ఓడిపోయే వైపు బలం కోసం ఈ స్లిప్పులు పెడితే, గెలిచే వైపున్న జాబ్ కార్డును కూడా జడ్జి అనుమానంగానే చూస్తాడు. అదే మెకానిక్ యాసిడ్ పోసి కండెన్సర్లు కడిగేస్తానన్నా ఇప్పుడే ఒప్పుకోవద్దు.

ముందు డీలర్‌కు లాయరు నోటీసు ఇప్పించండి. ట్రే పొంగిన సంగతి ఒక పేరా, సున్నం సంగతి వేరే పేరా. ఫలానా తేదీన అంగడికి వచ్చి ఇరుపక్షాల ఎదుట యూనిట్లు చూడమని రాయించండి. రాకపోతే స్వతంత్ర ఇంజినీరును పిలిపించి, డ్రెయిన్ పైపు మీద రసమట్టం పెట్టి బుడగ ఎటు జరిగిందో ఫొటో తీయించండి, బోరు నీళ్లను ల్యాబ్‌కు పంపండి. దావా వేశాక, కోర్టు తరఫున వచ్చి చూసే అడ్వొకేట్ కమిషనర్ కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 26 రూల్ 9 కింద పిటిషన్ వేయొచ్చు. చూడటం అయిపోయాక మాత్రం ఆలస్యం చేయకుండా బాగుచేయించి బిల్లులు దాచండి. నష్టం తగ్గించుకునే దారి ఉండి కూడా చేతులు కట్టుకు కూర్చున్నవాడికి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ పూర్తి పరిహారం ఇవ్వదు.

నోటీసులో ఒక జాగ్రత్త. 'మేము మీకివ్వాల్సిన 1,10,000' అని ఎక్కడా రాయించవద్దు. డీలర్‌కూ మూడేళ్ల గడువే ఉంది, మీ సంతకంతో బాకీ ఒప్పుకుంటే అతనికి కొత్త గడువు మీరే ఇచ్చినట్టు. వస్తువు లోపం మేరకు ధర తగ్గించమని అడిగే హక్కు వస్తు విక్రయ చట్టం 59వ సెక్షన్ ఇచ్చింది, ఆ మాట వరకే రాయించండి.

చీరలు, సీలింగు వరకే అడిగితే 2,60,000, మామూలు సివిల్ కోర్టు చాలు. కండెన్సర్లు బాగుచేసే ఖర్చు కలిపి 3 లక్షలకు చేరితే అది కమర్షియల్ దావా అవుతుంది. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం 12ఏ సెక్షన్ కింద ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి, దానికి న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ గడిచిన కాలం గడువులో లెక్కపెట్టరు. మీ జిల్లాకు ఏ కోర్టు కమర్షియల్ కోర్టో, కొటేషన్‌లో వేరే ఊరి కోర్టు అనో ఆర్బిట్రేషన్ అనో షరతు ఉందేమో మీ వకీలు చేత చూపించండి. నాకు పంపిన జెరాక్సులో ఐదో పేజీ లేదు.

అది వెతికేలోపు, ఈ రోజే తమ్ముడి దగ్గర పాత ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టండి. మిగిలిన ఆ రెండు చీరలను డ్రైక్లీనింగ్‌కు ఇవ్వకండి, మడత కూడా విప్పకండి.