బరువు ఎక్కువ ఉన్నవాళ్లకి మెత్తటి రన్నింగ్ షూసే మంచివా?

మీ ప్రశ్న చదువుతుంటే నాలుగేళ్ల కిందటి నన్ను చూసుకున్నట్టుంది. మీకు 41 ఏళ్లు, 88 కిలోలు. పరుగు మొదలుపెట్టి రెండు నెలలైంది, వారానికి మూడు రోజులు 4, 5 కిలోమీటర్లు. మోకాలు కాస్త సలుపుతోంది. షాపులో కుర్రాడేమో "సార్, మీ వెయిట్‌కి ఫుల్ కుషన్ తప్ప వేరేది చూడకండి" అని 13 వేల జత చేతిలో పెట్టాడు. కొనాలా వద్దా అన్నది మీ సందేహం.

నన్నడిగితే, సోల్ మందంగా ఉన్నది కొనండి, మెత్తగా ఉన్నది వద్దు. ఈ రెండూ ఒకటే అనుకుని నేను ఒక జత డబ్బు పోగొట్టుకున్నాను. కంపెనీ పేరు చెప్పను. తప్పు బూటుది కాదు, అది నాలాంటివాడి కోసం చేసింది కాదు, అంతే.

అప్పుడు నా బరువు 86. షాపులో వేసుకుని నాలుగడుగులు వేస్తే దూదిపరుపు మీద నడిచినట్టుంది. బూటు విప్పి బొటనవేలితో సోల్ నొక్కాను, లోపలికి దిగింది. ఆహా అనుకుని కొనేశాను. మొదటి రెండు వారాలు నిజంగానే హాయిగా ఉంది. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దున్నే పరిగెడుతుంటే కాళ్లకింద ఏమీ లేనట్టే ఉండేది. నెల తిరిగేసరికి ఐదో కిలోమీటరు దాటాక మడమకి గట్టి నేల తగలడం మొదలైంది. ఇంకో నెలకి మోకాలి లోపలి వైపు కొత్తగా ఒక నొప్పి. ఓ ఆదివారం బూట్లని టేబుల్ మీద పెట్టి వెనక నుంచి చూద్దును కదా, కుడిది లోపలికి ఒరిగిపోయి ఉంది, గోడ కుంగిన పాత పెంకుటింట్లా. సోల్‌లో ఉండే ఫోమ్ మీద అడ్డంగా మూడు ముడతలు. ఆ ముడతలు మళ్లీ సాగలేదు.

తర్వాత అర్థమైన సంగతి ఇది. పరిగెత్తేటప్పుడు అడుగు పడిన ప్రతిసారీ నేల మీద మన బరువుకి రెండు, రెండున్నర రెట్ల బలం పడుతుంది. నా లెక్కలో అది దాదాపు 200 కిలోలు. బొటనవేలు పెట్టే బలం ఎక్కడ, 200 కిలోలెక్కడ! వేలికి మెత్తగా తగిలిన ఫోమ్ నా కింద పూర్తిగా అణిగిపోతోంది. అణిగిపోయిన ఫోమ్‌కీ చెక్కకీ తేడా ఏముంది? పైగా అది అన్ని వైపులా సమానంగా అణగదు. మన పాదం ఎటు వాలితే అటే ఎక్కువ కుంగుతుంది, వాలు ఇంకా పెరుగుతుంది.

మా ఆవిడ కథ దీనికి సరిగ్గా తిరగేసి ఉంది. తను 51 కిలోలు. ఆఫర్లో దొరికిందని నేనే గట్టి సోల్ ఉన్న జత తెచ్చిచ్చాను, "నీ బరువుకి కుషన్ ఎందుకు" అని పెద్ద తెలిసినవాడిలా. నెలన్నరలో మోకాలి కింద కాలి ముందు ఎముక వెంబడి నొప్పి, ముట్టుకుంటే అరిచేది. మూడు వారాలు పరుగు మాన్పించాం. ఆ తర్వాత తనే వెళ్లి మెత్తటి జత కొనుక్కుంది, ఇప్పటిదాకా ఆ నొప్పి మళ్లీ రాలేదు. అంతా బూట్ల మహిమే అనను. విశ్రాంతి కూడా పనిచేసి ఉంటుంది. నన్ను మాత్రం ఇప్పటికీ దెప్పుతుంది.

ఇదేదో మా ఇంట్లో జరిగిన వింత కాదు. లక్సెంబర్గ్ పరిశోధకులు 848 మంది మామూలు రన్నర్లకి పైకి ఒకేలా కనిపించే బూట్లు ఇచ్చి ఆరు నెలలు గమనించారు. సగం మందికి గట్టి ఫోమ్, సగం మందికి మెత్తటిది. ఎవరికి ఏది ఇచ్చారో పరిగెత్తేవాళ్లకి తెలీదు. 2020లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద మెత్తటి బూట్లవాళ్లకే గాయాలు తక్కువ. అసలు తమాషా ఏంటంటే, ఆ లాభం తేలికగా ఉన్నవాళ్లలోనే స్పష్టంగా కనిపించింది. బరువున్నవాళ్లకి గట్టివైనా మెత్తవైనా చెప్పుకోదగ్గ తేడా లేదు. షాపుల్లో "వెయిట్ ఎక్కువ, అందుకని కుషన్ ఎక్కువ" అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఈ ఫలితం దాన్ని బలపరచట్లేదు.

ఇంకోటి కూడా ఉంది. కింద ఏముందో కాలికి తెలుస్తుంది, తెలిసి తనని తాను మార్చుకుంటుంది. పరుపు మీద గెంతి చూడండి, మోకాళ్లు పెద్దగా వంచరు. అదే గచ్చు మీద గెంతితే మీకు తెలీకుండానే మోకాళ్లు వంగుతాయి. బూటు మెత్తబడే కొద్దీ కాలు బిగుసుకుంటుందన్నమాట. ఫిన్లాండ్‌లో 12 మందితో చేసిన పరీక్షలో (2018లో అచ్చయింది) గంటకి 14.5 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తినప్పుడు, మామూలు బూట్ల కంటే బాగా మందపాటి బూట్లలోనే అడుగు పడిన క్షణంలో తాకిడి ఎక్కువ కనిపించింది. 12 మంది అంటే చిన్న గుంపే, ఆ వేగం మనది కాదు. కానీ కుషన్ అంటే దెబ్బని మింగేసే గొయ్యి అనుకోవడం తప్పని దాన్నిబట్టి తెలుస్తుంది.

వేగం అంటే మా మేనల్లుడు గుర్తొచ్చాడు. 62 కిలోలు, పది కిలోమీటర్లు 42 నిమిషాల్లో కొట్టేస్తాడు. వాడి దగ్గర సోల్ లోపల గట్టి కార్బన్ ప్లేటు వేసిన రేసు బూట్లున్నాయి. సైజు ఒకటే కదా అని ఒకసారి అడిగి వేసుకున్నాను. వాడి కింద స్ప్రింగులా ఎగిరే బూటు నా కింద, కిలోమీటరుకి ఏడున్నర నిమిషాల వేగంలో, అటూ ఇటూ ఊగే బల్లలా ఉంది. ఫుట్‌పాత్ టైలు ఒకటి లేచి ఉన్నచోట చీలమండ మడత పడబోయి తప్పింది. "మావయ్యా, అది ముందరి పాదం మీద పరిగెత్తేవాళ్లకి. నువ్వు మడమ మీద దిగుతావు" అన్నాడు వాడు. అందులో నిజం కొంత, గొప్పలు కొంత. ఏదైనా నేలకి మడమ ఎంత ఎత్తులో ఉంటే మెలిక పడే భయం అంత. రోడ్డు రేసుల్లో సోల్ మందం 40 మి.మీ. దాటకూడదని ప్రపంచ పరుగు పోటీల సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ 2020లో నియమం పెట్టింది. దానికి కారణం మెలిక భయం కాదు, మందపాటి సోల్ ఇచ్చే అదనపు వేగం అనుకోండి. 2021 వియన్నా మారథాన్‌లో ముందు వచ్చిన ఇథియోపియా రన్నర్‌ని సోల్ 5 సెం.మీ. ఉందని తేల్చి గెలుపు రద్దు చేశారు పాపం.

మీ మోకాలి సంగతికొస్తే, ఎవరూ చెప్పని ఒక అంకె ఉంది, అడిగి తెలుసుకోండి. మడమ దగ్గర సోల్ ఎత్తుకీ వేళ్ల దగ్గర ఎత్తుకీ ఉన్న తేడా. దాన్ని డ్రాప్ అంటారు. కొన్నిటికి 12 మి.మీ. ఉంటుంది, కొన్నిటికి 4, 5. డ్రాప్ తక్కువైతే మోకాలి మీద భారం కొంత తగ్గి పిక్కల మీదికీ, మడమ వెనక ఉండే నరం మీదికీ (మనం నరం అంటాం గానీ అది స్నాయువు) పోతుంది. భారం ఎక్కడికీ పోదు, చోటు మారుతుంది. నేను 12 నుంచి ఒకేసారి 5కి దిగాను. పది రోజులు మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది, పిక్కలు అలా పట్టేశాయి. మారాలనుకుంటే మొదటి నెల వారానికి ఒక్కరోజే కొత్తవి వేసుకోండి.

మందపాటి సోల్ని నేను తిడుతున్నానని అనుకోకండి. దాన్ని ఫ్యాషన్ చేసిన హోకా కంపెనీ 2009లో ఫ్రాన్స్‌లో మొదలైందే కొండ దిగుతూ పరిగెత్తడం కోసం. హైదరాబాద్ మారథాన్ పరిగెత్తినవాళ్లకి ఫ్లైఓవర్లు దిగేటప్పుడు తొడలు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. అక్కడ మందం కాపాడుతుంది, ఫోమ్‌లో బిగువు ఉంటే. ఇప్పుడు నేను వాడుతున్న జత మందంగానే ఉంటుంది కానీ వేలితో నొక్కితే పెద్దగా దిగదు. సోల్ అడుగు భాగం వెడల్పుగా ఉంటుంది. పాదం ఫోమ్ మీద కూర్చోకుండా, ఫోమ్ అంచుల మధ్య గిన్నెలో కూర్చున్నట్టుంటుంది. వేసుకోగానే "అబ్బ" అనిపించలేదు. 600 కిలోమీటర్లయ్యాయి, ఇంకా నిటారుగా నిలబడుతున్నాయి. నా పాత మెత్తటి జత మా నాన్నగారు వేసుకుంటున్నారు. ఆయన 60 కిలోలు, రోజూ కాలనీ పార్కులో నడక. అంత సుఖమైన బూట్లు జన్మలో వేసుకోలేదట!

షాపుకి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగుకి వేసుకునే సాక్సే తీసుకెళ్లండి. ముందు బొటనవేలి కొనకి అడ్డంగా ఒక వేలు పట్టేంత జాగా ఉండాలి. నొక్కి చూడటం మానేసి, ఒంటికాలి మీద నిలబడి మోకాలు కొంచెం వంచండి. పక్కన ఉన్నవాళ్లని మీ మడమని వెనక నుంచి ఫోన్లో వీడియో తీయమనండి. బూటు ఒక పక్కకి కుంగుతూ కనిపిస్తే అది 13 వేలైనా, మూడు వేలైనా పక్కన పెట్టేయండి. కొన్నాక ఎండలో ఆరబెట్టొద్దు, మే నెలలో కారు డిక్కీలో అసలే వదలొద్దు. జిగురు ఊడొచ్చేది అక్కడే.

మోకాలు వాచినా, మెట్లు ఎక్కుతుంటే పట్టేసినట్టున్నా బూట్ల షాపుకి కాదు, ముందు ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రెండు నెలల్లోనే 5 కిలోమీటర్లకి వెళ్లారు కాబట్టి, బహుశా ఆయన కూడా నాలాగే ముందు దూరం తగ్గించమంటారు.