గేమ్‌ వల్ల మెదడు చెడిపోతుందా? ముందు వాడి కళ్ళు చూపించండమ్మా

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తాడేపల్లిగూడెం. మా అబ్బాయికి పధ్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. ఏడాదిగా ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకీ ఆట ఆడుతున్నాడు. మామూలు రోజుల్లో రాత్రి గంట, గంటన్నర, ఆదివారమైతే మూడు గంటల దాకా ఆడతాడు. ఈమధ్య తరచూ తలనొప్పి అంటున్నాడు, కళ్ళు నులుముకుంటున్నాడు. బోర్డు మీద రాసింది కూడా పక్కవాడి నోట్సు చూసి ఎక్కించుకుంటున్నాడని, శ్రద్ధ బాగా తగ్గిందని టీచర్ చెప్పారు. మార్కులు 85 నుంచి 72కి పడిపోయాయి. తుపాకీ ఆటలు ఆడే పిల్లలు హంతకులవుతారని, మెదడు కుంచించుకుపోతుందని వాట్సాప్‌లో వీడియోలు వస్తున్నాయి. రేడియేషన్‌కి మెదడులో గడ్డ వస్తుందని మా అత్తగారు ఒకటే గొడవ. పోయిన వారం మావారు కోపం పట్టలేక ఫోన్ నేలకేసి కొట్టారు. అప్పటినుంచి వాడికి మాతో మాటల్లేవు. స్కూలుకి, ట్యూషన్‌కి మామూలుగానే వెళ్తున్నాడు, స్నేహితులతో బాగానే ఉంటున్నాడు. పొద్దున ఐదున్నరకి లేచి ఆరింటికల్లా ట్యూషన్‌కి వెళ్తే, స్కూలు, మళ్ళీ ట్యూషన్ అయ్యి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. పడుకునేసరికి పదకొండున్నర. తలకి ఎం.ఆర్.ఐ. తీయించమంటారా? సైకియాట్రిస్టుకి చూపించాలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు ఉత్తరమంతా గేమ్ గురించే రాశారు. నా కంటికి మాత్రం వేరే రెండు విషయాలు కనిపించాయి. ఒకటి, బోర్డు మీదిది పక్కవాడి నోట్సు చూసి రాసుకోవడం. రెండోది, పదకొండున్నరకి పడుకుని ఐదున్నరకి లేవడం. ఈ వయసు పిల్లాడు తలనొప్పి అంటూ, కళ్ళు నులుముకుంటూ, బోర్డు వదిలేసి పక్క నోట్సు చూస్తున్నాడంటే మేము ముందు అనుమానించేది దూరపు చూపు తగ్గిందేమోనని. మయోపియా అంటాం, జనం భాషలో మైనస్ పవర్. టీచర్‌ శ్రద్ధ లేదన్నారు, అత్తగారు గడ్డ అన్నారు, మీరు గేమ్ అన్నారు, అసలు నీకు బోర్డు కనబడుతోందా నాయనా అని ఒక్కరు అడిగినట్టు లేదు. పిల్లలు తమంతట తాము చెప్పరు, ఎందుకంటే చూపు మెల్లగా తగ్గుతుంది కాబట్టి అందరికీ అలాగే కనబడుతుందని అనుకుంటారు. నేను మీ వాణ్ణి చూడలేదు కాబట్టి ఇదేనని తేల్చి చెప్పను, కానీ ఎం.ఆర్.ఐ. కంటే ముందు కళ్ళ పరీక్ష జరగాలి, అందులో నాకు సందేహం లేదు.

ఇక నిద్ర. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకి రోజుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. మీ వాడికి దొరుకుతున్నది ఆరు. అంటే రోజూ కనీసం రెండు గంటల బాకీ. తలనొప్పికీ, క్లాసులో మందకొడిగా ఉండటానికీ, మార్కులు తగ్గడానికీ ఇదొక్కటే చాలు. అందులో గేమ్‌ వాటా గంటన్నర ఉంది, కాదనను. మరి మిగతా లెక్క? ఆరింటికి ఇల్లు వదిలి తొమ్మిదికి వచ్చే పిల్లాడు పదిహేను గంటలు బయట ఉంటున్నాడు. పెద్దవాళ్ళం మనమైతే ఇలాంటి డ్యూటీకి ఈపాటికి ధర్నా చేసేవాళ్ళం. ఆ రోజంతటిలో వాడు తనంతట తాను ఎంచుకుని చేస్తున్న పని ఆ గేమ్ ఒక్కటే అని మీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది, మీరూ ఒకసారి ఆ కోణంలో చూడండి.

తుపాకీ ఆటలాడితే హంతకులవుతారనే మాట కొత్తదేం కాదు. ఇప్పటికి కొన్ని దశాబ్దాలుగా పరిశోధకులు దీని మీద పడి ఉన్నారు. అమెరికాలోని సైకాలజిస్టుల సంఘం 2020లో తన పాత తీర్మానాన్ని మళ్ళీ పరిశీలించి, హింస ఉన్న గేమ్‌ల వల్లే మనుషులు నిజమైన హింసకి దిగుతారనడానికి తగినంత ఆధారం లేదని స్పష్టంగా చెప్పింది. అరవడం, తోసుకోవడంలాంటి చిన్న దురుసుతనంతో మాత్రం కొద్దిపాటి సంబంధం కనిపిస్తోందని కూడా చెప్పింది. అది దాచిపెట్టి మీకు సగం మాట చెప్పడం నాకిష్టం లేదు. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో సరిగ్గా మీ వాడి వయసు పిల్లలు వెయ్యి మందిని తీసుకుని, పిల్లల మాటే కాకుండా తల్లిదండ్రులనూ అడిగి చూస్తే, హింస ఉన్న గేమ్‌లకీ పిల్లల దురుసుతనానికీ సంబంధం దొరకలేదు. గేమ్‌ల మీద తలసరి ఖర్చు బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో జపాన్, దక్షిణ కొరియా ఉంటాయి. హత్యలు అతి తక్కువ జరిగే దేశాల్లోనూ అవే ఉంటాయి. ఎక్కడో ఒక కుర్రాడు ఘోరం చేస్తే, వాడి ఫోన్‌లో గేమ్ ఉందని టీవీలో రోజంతా స్క్రోలింగ్ వేస్తారు. ఆ వయసు కుర్రాళ్ళలో ఎవరి ఫోన్‌లో లేదు చెప్పండి? వాడి ఇంట్లో ఏం జరుగుతోంది, తాగుడుందా, దెబ్బలున్నాయా, వాడికి ముందునుంచే మానసిక సమస్య ఏదైనా ఉందా అన్నవి తెలుసుకోవాలంటే కష్టపడాలి, గేమ్ మీదికి నెట్టేయడం తేలిక.

మా తరం వాళ్ళం డిటెక్టివ్ నవలలు సోషల్ పుస్తకంలో దాచుకుని చదివి వీపు విమానం మోత మోగించుకున్నవాళ్ళమే. వారపత్రికల్లో సీరియళ్ళు చదివి ఆడపిల్లలు చెడిపోతున్నారని అప్పట్లో ఎంత గగ్గోలు! ఇప్పుడు అవే చదవమని పిల్లల వెంటపడుతున్నాం. అమెరికాలో అయితే 1954లో కామిక్ పుస్తకాలు పిల్లల్ని నేరస్తుల్ని చేస్తున్నాయా అని ఏకంగా సెనేట్ సబ్‌కమిటీ కూర్చుని విచారణ జరిపింది. కొత్తది ఏది వచ్చినా దాని వంతు తిట్లు అది తినాల్సిందే కాబోలు.

మెదడు కుంచించుకుపోవడం గురించి. ఆ వీడియోల్లో ఎరుపు, నీలం రంగుల్లో మెదడు స్కాన్ చూపించి భయపెడతారు. ఆ రంగులు మెదడులో ఉండవు, కంప్యూటర్ వేస్తుంది. గంటల తరబడి ఏ పని సాధన చేసినా మెదడులో మార్పు వస్తుంది. లండన్ వీధులన్నీ బట్టీపట్టిన టాక్సీ డ్రైవర్ల మెదడులో దారులు గుర్తుపెట్టుకునే భాగంలో తేడా ఉందని 2000లోనే తేలింది, దాన్ని ఎవరూ జబ్బు అనలేదు. మార్పు వేరు, చెడిపోవడం వేరు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, వారానికి మూడు గంటలకు పైగా వీడియో గేమ్‌లు ఆడిన అలవాటున్న సర్జన్లు లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) శిక్షణ పరీక్షల్లో 37 శాతం తక్కువ పొరపాట్లు చేశారు, పని కూడా వేగంగా ముగించారు. అందులో ఉన్నది 33 మంది డాక్టర్లే, కాబట్టి దాన్ని పట్టుకుని మీ వాణ్ణి సర్జన్ చేయడానికి గేమ్ ఆడించమని నేను అనడం లేదు. 2020లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్.డి.ఏ. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లల్లో ఏకాగ్రత లోపానికి, అంటే ఏడీహెచ్‌డీకి, డాక్టర్ చీటీ మీద ఇచ్చే ఒక వీడియో గేమ్‌కి అనుమతి ఇచ్చింది. అదేమీ మంత్రం కాదు, మిగతా చికిత్సతో పాటు వాడతారు. నేను చెప్పొచ్చేదేమిటంటే మెదడుని తినేసే వస్తువైతే దాన్ని మందుల వాళ్ళు చీటీ మీదకి ఎక్కించరు కదా. అలాగని గేమ్ ఆడితే తెలివి పెరుగుతుందని యాప్‌లు అమ్ముకునేవాళ్ళ మాట కూడా నమ్మకండి.

అత్తగారి రేడియేషన్ భయానికి కూడా సమాధానం చెబుతాను, పెద్దావిడ మాట తీసిపారేసినట్టు ఉండకూడదు. ఫోన్ నుంచి వచ్చేవి రేడియో తరంగాలు. ఎక్స్‌రేలాగా డి.ఎన్.ఏ.ని విరగ్గొట్టే శక్తి వాటికి లేదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం వీటిని 'క్యాన్సర్ కారకం కావచ్చునేమో' అనే జాబితాలో పెట్టిన మాట నిజం. ఆ జాబితాలోనే కలబంద ఆకు మొత్తం నూరి తీసిన రసం కూడా ఉంది, మరి కలబంద గురించి వాట్సాప్‌లో వచ్చేవన్నీ పొగడ్తలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పెద్ద సమీక్ష 2024లో వచ్చింది, ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనబడలేదు. పైగా గేమ్ ఆడేటప్పుడు ఫోన్ చేతుల్లో ఉంటుంది, చెవి దగ్గర కాదు.

వ్యసనం అనేది మాత్రం నిజంగా ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. గేమింగ్ డిజార్డర్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. దానికి గంటల లెక్క లేదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండి, చదువు, స్నేహాలు అన్నిటికంటే గేమే ముఖ్యమైపోవడం, నష్టం కళ్ళముందు కనబడుతున్నా ఇంకా ఇంకా ఆడటం, ఇవి సాధారణంగా ఏడాది పాటు ఉండి జీవితం అస్తవ్యస్తమైతే అప్పుడు ఆ పేరు పెడతాం. మీ వాడు స్కూలుకి వెళ్తున్నాడు, స్నేహితులతో ఉంటున్నాడు, ఫోన్ పగిలిన వారం రోజుల్లో ఇంట్లోంచి పారిపోలేదు, డబ్బు దొంగతనం చేయలేదు. మీతో మాట్లాడటం లేదంటే అది వ్యసనం లక్షణం కాదమ్మా, అలక. ఏడాదిగా ఆడుతున్న ఆటా, దానిమీద ఉన్న స్నేహితులూ ఒక్క దెబ్బతో పోతే ఎవరికైనా మండుతుంది. 'కోపంలో కొట్టాను, అలా చేయాల్సింది కాదు' అని వాళ్ళ నాన్నగారు ఒక్క మాట అంటే చాలావరకు దారికొస్తుంది. ఇప్పుడు సైకియాట్రిస్టు అవసరం నాకు కనబడటం లేదు. రేపెప్పుడైనా పైన చెప్పిన లక్షణాలు వస్తే 14416కి, అంటే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆస్పత్రి నిమ్హాన్స్‌లో దీనికోసమే ప్రత్యేక క్లినిక్ కూడా ఉంది.

నేను నిజంగా భయపడేది డబ్బు పెట్టి ఆడే వాటికి. రమ్మీ, బెట్టింగ్ యాప్‌లు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది, అయినా దొడ్డిదారిన లింకులు వస్తూనే ఉంటాయి. బీజీఎంఐ ఆ కోవలోది కాదు, కానీ అందులోనూ డ్రెస్సులు, తుపాకీ రంగులు కొనమని ఊరిస్తారు, అందుకని మీ కార్డు, యూపీఐ వాడి ఫోన్‌లో ఉంచకండి. వాయిస్ చాట్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళు తగులుతారు, ఇంటి అడ్రసు, ఫొటోలు ఇవ్వకూడదని ముందే చెప్పి పెట్టండి. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే డాక్టర్‌కి చెప్పండి. వేగంగా మెరిసే వెలుతురు చూస్తే కొద్దిమందికి ఫిట్స్ వస్తాయి. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక కార్టూన్ ఎపిసోడ్ చూసి ఒకే సాయంత్రం ఆరు వందలకు పైగా పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు.

ఆటకి హద్దు పెట్టేటప్పుడు నిమిషాల్లో పెట్టకండి, మ్యాచ్‌లలో పెట్టండి. ఈ గేమ్‌లో ఒక్కో మ్యాచ్ దాదాపు అరగంట, టీమ్‌లో నలుగురు. మధ్యలో 'ఇక చాలు, ఇటివ్వు' అని లాక్కుంటే మిగతా ముగ్గురూ వాణ్ణి తిడతారు, ఆ ఉక్రోషం మీమీద చూపిస్తాడు, అది చూసి మీరు గేమ్ వల్ల కోపిష్టివాడయ్యాడంటారు. రోజుకి రెండు మ్యాచ్‌లు, పడుకోవడానికి గంట ముందే ఆపేయడం, రాత్రి ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌లో, మీ దంపతులవి కూడా. ఇది కుదరాలంటే వాడు ఇంటికి త్వరగా రావాలి. రెండు ట్యూషన్లలో ఒకటి మాన్పించడం మీ చేతిలో పని, సాయంత్రానిది మాన్పిస్తే నిద్ర కూడా కలిసొస్తుంది.

ఇంకో మాట, చూపు తగ్గడానికి ఫోన్ వెలుతురు కారణం కాదు. ఎక్కువసేపు దగ్గరగా చూడటం, ఎండ పొడ తగలకపోవడం, ఇవే ముఖ్యం, ఇంట్లో ఇంకెవరికైనా అద్దాలుంటే అది కూడా. ముఖానికి ఆనించుకుని చదివే ఫిజిక్స్ పుస్తకం కూడా కంటికి దగ్గరి చూపే. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో స్కూలు పిల్లల్ని రోజూ అదనంగా నలభై నిమిషాలు ఆరుబయట ఉంచితే, మూడేళ్ళలో కొత్తగా మయోపియా వచ్చినవాళ్ళు 30 శాతం, బయటికి పంపని స్కూళ్ళలో 39 శాతానికి పైనే. కాబట్టి సాయంత్రం వెలుతురు ఉండగా గంటసేపు క్రికెట్టో, సైకిలో, ఏదో ఒకటి. అద్దాల షాపులో నీలి వెలుతురుని ఆపే 'బ్లూ కట్' అని అదనంగా అంటగడితే తీసుకోకండి, దానివల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి సరైన ఆధారం లేదు.

స్కాన్ ఎప్పుడు కావాలంటే, తలనొప్పి నిద్రలోంచి లేపేస్తున్నా, తెల్లారగానే వాంతులతో వస్తున్నా, ఒకటి రెండుగా కనబడుతున్నా, నడక తడబడుతున్నా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఇవేవీ మీరు రాయలేదు కాబట్టి ఆ డబ్బు దాచుకోండి.

కళ్ళ డాక్టర్‌ దగ్గర కంప్యూటర్ పరీక్షతో సరిపెట్టకుండా చుక్కలు వేసి పవర్ చూడమనండి, పిల్లల్లో అసలు పవర్ అలాగే సరిగా తెలుస్తుంది. చుక్కలు వేశాక ఆ రోజంతా దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండకి కళ్ళు చికాకు పెడతాయి, టోపీ తీసుకెళ్ళండి. ఆ రోజు వాడు చదవలేడు, గేమూ ఆడలేడు. ట్యూషన్‌కి పంపకండి.