మాక్యులా ఆపరేషన్‌కి ఎవరిని ఒప్పుకోవాలి

అమ్మాయీ,

వయసు మీద పడి మాక్యులా (రెటీనా మధ్యలో సూటి చూపునిచ్చే చోటు) దెబ్బతిన్నవాళ్లలో ఎవరికి ఆపరేషన్ చెయ్యాలో ఎలా తేల్చుకోవాలని అడిగావు. చెయ్యడం నీకు బాగా వచ్చు, నేను చూశాను. కాబట్టి చెయ్యకుండా ఆగడం గురించే ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకు.

మేం నేర్చుకునే రోజుల్లో తడి రకానికి, అంటే మాక్యులా కింద కొత్త రక్తనాళాలు పెరిగే రకానికి, సరైన మందు లేదు. ఆ రక్తనాళాల పొరను లాగి తీసేసేవాళ్లం. 1993లో మాకెమర్ అనే కంటి సర్జన్ రెటీనాను చుట్టూ కోసి, తిప్పి అతికించే పద్ధతి చూపించాక అందరికీ ఆశ పుట్టింది. కానీ తిప్పిన కంటికి లోకం ఒరిగి కనపడేది, ఒకటి రెండుగా కనపడేది. కొందరికి రెటీనా మళ్లీ ఊడేది. 2004లో ఈ పొర తీసే ఆపరేషన్‌ని పరీక్షించిన సబ్‌మాక్యులర్ సర్జరీ ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. పొర తీయించుకున్నవాళ్ల చూపు, ఏమీ చెయ్యకుండా గమనిస్తూ ఉంచినవాళ్ల చూపు కన్నా మెరుగ్గా లేదు. 2006లో కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇచ్చే రానిబిజుమాబ్ మందు వచ్చాక ఆ ఆపరేషన్లు దాదాపు మూలపడ్డాయి. అందుకని తడి రకం పేషెంట్ ఎవరొచ్చినా ముందు పాత కాగితాలు తీసి, ఇంజెక్షన్లు ఏయే తేదీల్లో పడ్డాయో చూడు. "మందు పని చెయ్యలేదండీ" అనేవాళ్లలో మధ్యలో నెలలకి నెలలు మానేసినవాళ్లు చాలామంది ఉంటారు.

ఆపరేషన్ గురించి నిజంగా ఆలోచించాల్సింది మాక్యులా కింద ఒక్కసారిగా బాగా రక్తం చేరినప్పుడు. స్కాన్ కన్నా ముందు "చూపు ఏ రోజు పోయింది?" అని అడుగు. "ఈమధ్యే" అంటే వదలకు. చివరిసారి పేపర్ ఎప్పుడు చదివారు, ఇంట్లోవాళ్లకి ఏ రోజు చెప్పారు అని గుచ్చి గుచ్చి అడుగు. రక్తంలోని ఇనుము, గడ్డలో బిగుసుకునే ఫైబ్రిన్ కలిసి చూపు కణాలను రోజుల్లోనే పాడుచేస్తాయి. వారం లోపు వస్తే టీపీఏ అనే మందుతో గడ్డను కరిగించి, గ్యాస్‌తో పక్కకు నెట్టడంలో అర్థం ఉంది. రెండు వారాలు దాటితే నాకు చెయ్యి రాదు.

అలా రాకూడదని ఎలా తెలిసిందంటే, ఒకసారి వచ్చింది కాబట్టి. నెల దాటిన రక్తంతో ఒక రిటైర్డ్ టీచర్ వచ్చారు. కొడుకు బతిమాలితే మెత్తబడ్డాను. రక్తం చక్కగా తొలగింది, ఫొటో చూసి నేనే మురిసిపోయాను. ఆయనకి మాత్రం నల్లగా ఉన్న చోటు బూడిదరంగుకి మారిందంతే. మూడు నెలలకి రెటీనా ఊడి పక్కచూపు కూడా పోయింది. నా దగ్గరికి రాకముందు ఆయన ఇంట్లో ఎవరి సాయం లేకుండా తిరిగేవారు.

గ్యాస్ పెట్టే ముందు బోర్లా ఉండగలరా అని అడిగి ఊరుకోకు, అందరూ ఉంటామనే అంటారు. పది నిమిషాలు తల వంచి కూర్చోబెట్టి చూడు. మెడ, నడుము, ఆయాసం సంగతి అప్పుడు తెలుస్తుంది. రక్తం పలుచన చేసే మందులు వాడుతుంటే నీ అంతట నువ్వు ఆపించకు, గుండె డాక్టరుతో మాట్లాడు.

రెండు కళ్లలోనూ మాక్యులా మీద మచ్చ ముదిరిపోయినవాళ్లకి కంటిలో పెట్టే చిన్న టెలిస్కోప్ ఉంది. అమెరికా ఎఫ్‌డీఏ 2010లో 75 ఏళ్లు దాటినవాళ్లకి ఒప్పుకుంది, 2014లో దాన్ని 65కి తగ్గించింది. ఒక కంటికే పెడతారు. ఆ కన్ను ముఖాలు చూడటానికి, రెండోది నడవటానికి. శుక్లం ఆపరేషన్ అయిపోయిన కంటికి ఆ అనుమతి లేదు. కార్నియా లోపలి కణాల లెక్క కూడా సరిపోవాలి. అందులో నాకు నచ్చిన షరతు ఒకటుంది: ముందు బయట టెలిస్కోప్ పెట్టి చూపిస్తే చార్టులో కనీసం ఐదు అక్షరాలు ఎక్కువ చదవగలగాలి. రాబోయే చూపు ఎలా ఉంటుందో ఆపరేషన్‌కి ముందే రుచి చూపించడం అన్నమాట. అది నచ్చక లేచి వెళ్లిపోయినవాళ్లు మనకి మేలు చేసినట్టే. తర్వాత నెలల తరబడి సాధన ఉంటుంది, మతిమరుపు ఉన్నవాళ్లకి అది కుదరదు.

శుక్లాన్ని చిన్నచూపు చూడకు. మాక్యులా ఎలాగూ పోయిందిగా అని వదిలేస్తుంటారు. మచ్చ నిలకడగా ఉండి శుక్లం ముదిరితే తీసెయ్యి, వెలుగు పెరుగుతుంది. చదవగలరని మాత్రం మాటివ్వకు.

స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) గురించి అడిగేవాళ్లు వస్తారు. 2014లో జపాన్‌లో ఐపీఎస్ కణాలతో, అంటే మామూలు కణాలను ల్యాబ్‌లో మూలకణాలుగా మార్చి, చేశారు, అది పరిశోధన. డబ్బు కట్టించుకుని, ఒకే రోజు రెండు కళ్లకీ కొవ్వు నుంచి తీసిన కణాలు ఎక్కిస్తే ముగ్గురి చూపు పోయిన సంగతి 2017లో అచ్చయింది. ఒకేసారి రెండు కళ్లకీ అనే మాట ఎవరి నోట వచ్చినా పేషెంట్‌ని అక్కడినుంచి లేపుకుని రమ్మను.

వద్దని చెప్పాక వెంటనే తర్వాతి పేషెంట్‌ని పిలవకు. మాగ్నిఫయర్, మంచి లైటు, మిగిలిన చూపుని వాడుకోవడం నేర్పే లో విజన్ క్లినిక్ సంగతి చెప్పు. మాక్యులా జబ్బు మామూలుగా పక్కచూపు జోలికి పోదని చెప్పు. లేని మనుషులు, పూలు కళ్లముందు కనపడుతున్నాయా అని మెల్లగా అడుగు. పిచ్చి అనుకుంటారని భయపడి వాళ్లంతట వాళ్లు చెప్పరు. మెదడు ఖాళీని నింపుకుంటోందంతే అని తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

నువ్వు పంపిన రెండో స్కాన్ చూశాను. రక్తం ఏ రోజు చేరిందో రాయలేదు. అది కనుక్కుని ఈ రాత్రికే ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మామయ్య